అరవై మీటల మీద తెలుగు

హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు వెడల్పు 294 మిల్లీమీటర్లు, లోతు 120 మిల్లీమీటర్లు. బరువు అరకిలోకు కాస్త ఎక్కువ. దాని మీద ఉన్నవి 60 మీటలు. ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో మనకు కనిపించే మామూలు కీబోర్డుకు 104 ఉంటాయి. కుడిపక్కన అంకెల కోసం ఉండే గుంపు ఇందులో లేదు. పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా సాగే వరస లేదు. బాణం గుర్తుల మీటలు లేవు. క్యాప్స్‌లాక్ దాని మామూలు చోట కనపడదు. ఇన్ని తీసేసినా అక్షరాల మీటలు మాత్రం కుంచించుకుపోలేదు. ఒక మీట నడిమి నుంచి పక్క మీట నడిమికి దాదాపు 19 మిల్లీమీటర్లు, పెద్ద కీబోర్డులో ఎంతో ఇందులోనూ అంతే. బల్ల మీద అది ఆక్రమించే చోటు తగ్గింది, వేళ్ళకు దొరికే చోటు తగ్గలేదు.

నేను ఉండేది ఇబ్రహీంపట్నంలో. విజయవాడ ప్రచురణకర్తలకు రాతప్రతులు టైపు చేసి, దిద్ది పంపడం నా పని. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా తెలుగే, మధ్యమధ్య ఇంగ్లీషులో ఉత్తరాలు. ఈ కీబోర్డు మీద లోకంలో రాసినవాళ్ళంతా దాదాపు ప్రోగ్రామర్లే. వాళ్ళ కోసమే అది పుట్టింది కూడా. అయితే దాన్ని రోజంతా తెలుగుకు వాడి చూస్తే, ఇంగ్లీషుకే వాడినవాళ్ళకు కనిపించే అవకాశం లేని పనితనం బయటపడుతుంది. దానితోపాటు, మన తెలుగు మీటల అమరికలో మనం పట్టించుకోని పనితనం కూడా బయటపడుతుంది. నాకు రెండూ సమానంగా ముచ్చటైనవే.

దీని వెనక ఉన్నది ఎయిచి వాదా. టోక్యో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఆ కాలంలో ఒక్కో కంపెనీ వర్క్‌స్టేషన్‌కు ఒక్కో రకం కీబోర్డు వచ్చేది. ఒకదాంట్లో కంట్రోల్ ఉన్నచోట ఇంకోదాంట్లో క్యాప్స్‌లాక్, ఎస్కేప్ ఒక్కోదాంట్లో ఒక్కో మూల. యంత్రం మారినప్పుడల్లా వేళ్ళకు మళ్ళీ ఓనమాలు దిద్దించాలి. దీని మీద ఆయన 1992లో ఒక వ్యాసం రాశారు. మనిషికి తనదంటూ ఒక కీబోర్డు ఉండాలి, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా దాన్నే తగిలించుకోవాలి, అందుకని అన్ని చోట్లా పనికొచ్చే మీటలే అందులో ఉండాలి అన్నది ఆయన వాదన. తన నమూనాకు అలెఫ్ అని పేరు పెట్టుకున్నారు. పీఎఫ్‌యూ అనే జపాన్ కంపెనీ ఆ ఆలోచనను అందుకుని, 1996 డిసెంబరులో మొదటి హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డును అమ్మకానికి పెట్టింది. వెల 30 వేల యెన్ల దరిదాపు. అమెరికాలో పశువులు కాసే రౌతులు గుర్రం చచ్చిపోతే అక్కడే వదిలేసినా జీనును మాత్రం వదలరని, కంప్యూటరు గుర్రమైతే కీబోర్డు జీను లాంటిదని వాదా గారు చెప్పిన పోలిక ఈ కీబోర్డు వాడేవాళ్ళ నోట ఇప్పటికీ నానుతూ ఉంటుంది. 2003లో ప్రొఫెషనల్, 2006లో ప్రొఫెషనల్ 2, 2011లో చప్పుడు తగ్గించిన టైప్-ఎస్, 2019లో తీగ లేకుండా కూడా పనిచేసే హైబ్రిడ్ వచ్చాయి. లోపల ఎంతో మారింది. 60 మీటల అమరిక మాత్రం దాదాపు అలాగే నిలిచింది. నేను వాడేది హైబ్రిడ్.

ముందు ఎడమ చేతి పక్క చూద్దాం. ఇంగ్లీషు ఎ మీటకు ఎడమన, మామూలుగా క్యాప్స్‌లాక్ ఉండేచోట ఇందులో కంట్రోల్ ఉంది. పాత యూనిక్స్ యంత్రాల అలవాటు అది. కాపీ, పేస్ట్, సేవ్, వెతకడం, వెనక్కి తీసుకోవడం, అన్నీ కంట్రోల్‌తోనే కదా. మామూలు కీబోర్డులో దాన్ని అట్టడుగు మూలకు తోసేశారు. చిటికెనవేలు మెలిపెట్టి వంచితే తప్ప అందదు. ఇక్కడ చెయ్యి కదలదు, చిటికెనవేలు కొంచెం పక్కకు జరిగితే చాలు. క్యాప్స్‌లాక్‌ను ట్యాబ్ మీట మీదికి పంపారు, ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కితే పనిచేస్తుంది. తెలుగు రాసేవాడికి ఇంతకన్నా సబబైన నిర్ణయం ఇంకోటి లేదు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అనేవే లేవు. తెలుగు టైపు చేసేవాడి చిటికెనవేలి పక్కన క్యాప్స్‌లాక్ ఉండటానికి ఏ కారణమూ లేదు.

కుడిపక్కన రిటర్న్ మీటకు సరిగ్గా పైన డిలీట్ ఉంది. అడుగున చిన్న మూత తీస్తే ఆరు బుల్లి స్విచ్చులు కనిపిస్తాయి. మూడోదాన్ని జరిపితే ఆ డిలీట్ కాస్తా బ్యాక్‌స్పేస్ అవుతుంది. మామూలు కీబోర్డులో బ్యాక్‌స్పేస్ ఇంకో వరస పైన, మూలకు ఉంటుంది. ఒక్క వరస తేడాకే ఇంత చెప్పాలా అనిపించవచ్చు. తెలుగులో దిద్దుబాట్లు చేసేవాళ్ళను అడగండి, చెబుతారు. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పుపడితే ఒకసారి వెనక్కి కొడతారు, అయిపోతుంది. తెలుగులో కంటికి కనిపించే ఒక్క అక్షరం లోపల మూడు నాలుగు ముక్కలు ఉంటాయి. 'ట్న' అని ఉన్నచోట వెనక్కి కొడితే ముందు 'న' పోతుంది, ఆ తరవాత పొల్లు, ఆ తరవాత 'ట'. గుడి బదులు గుడిదీర్ఘం పడితే అక్షరం మొత్తాన్ని చెరపక్కర్లేదు, ఒక్కసారి వెనక్కి కొట్టి దీర్ఘం తీసేసి గుడి పెట్టుకోవచ్చు. ముందుకు చెరిపే డిలీట్ అయితే చాలా ప్రోగ్రాముల్లో అక్షరం మొత్తాన్ని ఒక్క దెబ్బకు మింగేస్తుంది. అందువల్ల తెలుగులో బ్యాక్‌స్పేస్ రాతలో భాగం. కలంతో రాసేటప్పుడు గుణింతం గుర్తును దిద్దుకోవడం ఎలాగో ఇక్కడ ఇది అలాగ. అది చిటికెనవేలికి ఒక వరస దగ్గరకు రావడం పూటకు కొన్ని వందలసార్లు అక్కరకొస్తుంది.

ఇక తెలుగు సంగతి. ఇప్పుడు తెలుగు టైపు చేసేవాళ్ళలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకుంటారు. 1990ల్లో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, 2006లో వచ్చిన లేఖిని ఈ దారిని ఇంటింటికీ తెచ్చాయి. ఆ మేలు తక్కువది కాదు. డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో యాపిల్ అమరిక వాడతారు. వీటికి వేరుగా, భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించి, 1988లో సవరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉంది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 13194 ప్రమాణంలోనూ దానికి చోటు దొరికింది. విండోస్‌లో, లైనక్స్‌లో ఏమీ కొనకుండానే అది దొరుకుతుంది. నేను వాడేది అదే. వాదా గారి కీబోర్డు లాగే ఇది కూడా మీటలకు చోటు కేటాయించడంలో ఎంతో ఆలోచించి చేసిన పని. కాకపోతే దాని పనితనాన్ని మెచ్చుకుంటూ రాసినవాళ్ళు తక్కువ.

చేతులు మీటల మీద ఆనించే నడిమి వరసలో, కుడిచేతి కింద ఇన్‌స్క్రిప్ట్ పెట్టిన అక్షరాలు ఇవి: ప, ర, క, త, చ, ట. 'ర' పక్కన పెడితే మిగిలినవి క, చ, ట, త, ప. అంటే బళ్ళో చదువుకున్న పరుషాలు ఐదూను. ఇప్పుడు దానికి పై వరస చూడండి: బ, హ, గ, ద, జ, డ. 'హ' పక్కన పెడితే గ, జ, డ, ద, బ. సరళాలు ఐదూ అక్కడున్నాయి. అదీ ఎలాగంటే, ప్రతి సరళం తన పరుషానికి సరిగ్గా ఎగువన, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. క మీద గ, త మీద ద, చ మీద జ, ట మీద డ, ప మీద బ. షిఫ్ట్ పట్టుకుంటే అవే మీటల మీద వత్తు అక్షరాలు వస్తాయి: ఖ, ఘ, థ, ధ, అలా వరసగా. 'పూచెను కలువలు' 'పూచెనుఁ గలువలు' అయ్యే సరళాదేశ సంధి ఈ కీబోర్డు మీద వేలు ఒక వరస పైకి జరగడమే. ఏ వర్గం అక్షరానికైనా కదలిక ఒకటే. వ్యాకరణాన్ని వేళ్ళకు నేర్పడమంటే ఇదే.

ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాల గుర్తులు. నడిమి వరసలో ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. పై వరసలో ఔత్వం, ఐత్వం, దీర్ఘం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం. గుడికి ఎగువన గుడిదీర్ఘం, కొమ్ముకు ఎగువన కొమ్ముదీర్ఘం. ఓత్వం పైన ఔత్వం, ఏత్వం పైన ఐత్వం. షిఫ్ట్‌తో అవే మీటలు అ, ఆ, ఇ, ఈ అంటూ పూర్తి అచ్చులవుతాయి. పొల్లు మీటే షిఫ్ట్‌తో 'అ' అవుతుంది, దాని పై మీట 'ఆ' అవుతుంది. పైకి వెళితే సాగుతుంది అన్న ఒక్క సూత్రం గుర్తుంటే సగం అమరిక వచ్చేసినట్టే. హల్లులు కుడిచేతికి, వాటికి తగిలే గుర్తులు ఎడమచేతికి. ఒక చెయ్యి అక్షరం వేస్తుంటే ఇంకో చెయ్యి దానికి గుణింతం పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది.

మా కృష్ణ ఒడ్డు మాట 'కరకట్ట' ఉంది కదా. క, ర, క, ట, పొల్లు, ట. ఆరు దెబ్బలు, ఆరూ నడిమి వరసలోనే. చేతులు ఎక్కడివక్కడే ఉంటాయి. 'ఇబ్రహీంపట్నం' 12 దెబ్బలు, అందులో మొదటి 'ఇ'కి మాత్రమే షిఫ్ట్ కావాలి. లేఖినిలో ఇదే మాటకు 13 కొట్టాలి, నాలుగు చోట్ల షిఫ్ట్ పట్టుకోవాలి. 'కృష్ణ' మాత్రం అంత చేతికందే మాట కాదు. వట్రుసుడి అంకెల వరస చివర, సమానం గుర్తు మీద ఉంటుంది. ష, ణ రెండింటికీ షిఫ్ట్ కావాలి. కృష్ణా తీరంలో ఉంటూ రోజూ ఎన్నిసార్లు ఆ మాట కొట్టాల్సి వస్తుందో చెప్పనక్కర్లేదు.

ఈ అమరికలో అసలు చిక్కు వేరే చోట ఉంది. కింది వరసలో కుడిచేతికి చోటు చాలక మ, న, వ అనే మూడు హల్లులు ఎడమచేతి వైపు వచ్చాయి. ఫలితంగా తెలుగులో అడుగడుగునా పడే 'ను', 'ని' ప్రత్యయాలు రెండూ ఎడమ చూపుడువేలు ఒక్కదాని మీదే పడ్డాయి. న కొట్టి, అదే వేలు పైకి లేచి గుడి గానీ కొమ్ము గానీ కొట్టాలి. 'వి', 'వు' కూడా అంతే. వాక్యం వాక్యానికీ ఎడమ చూపుడువేలు ఇలా ఎగిరి దూకుతూ ఉంటుంది. దేశభాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలన్న సంకల్పంతో చేసిన పనిలో తెలుగు ప్రత్యయాల లెక్క ఎవరు చూస్తారు? ఆ సంకల్పం వల్ల వచ్చిన లాభమూ చిన్నది కాదు. హిందీలో, కన్నడంలో, బెంగాలీలో 'క' ఇదే మీట మీద ఉంటుంది.

ఇక్కడే ఈ కీబోర్డు స్పర్శ గురించి చెప్పాలి. 2003 నుంచి ప్రొఫెషనల్ మోడళ్ళలో టోప్రే కంపెనీ స్విచ్చులు వాడుతున్నారు. ఒక మీట టోపీని పైకి లాగి చూస్తే అందులోని తెలివి అర్థమవుతుంది. కింద గుండ్రటి కాడ ఒకటి గూట్లో పైకీ కిందకీ జారుతుంది. దాని కింద రబ్బరు గుమ్మటం, గుమ్మటం లోపల శంకువు ఆకారంలో చుట్టిన సన్నటి స్ప్రింగు. వేలికి ఎదురు నిలిచేది ముఖ్యంగా రబ్బరే. స్ప్రింగు నలిగేకొద్దీ కింద సర్క్యూట్ బోర్డు మీద విద్యుత్ నిలవ మారుతుంది, ఆ మార్పును కనిపెట్టి మీట నొక్కినట్టు లెక్క వేసుకుంటుంది. మామూలు స్విచ్చుల్లో లాగా రెండు లోహపు రేకులు తాకి కరెంటు పారాల్సిన పని లేదు. రేకులు లేవు కాబట్టి వాటికి తుప్పు పట్టడం, అరిగిపోవడం, ఒకసారి కొడితే రెండు అక్షరాలు పడటం వంటి బాధలకు తావు లేదు.

నొక్కడానికి 45 గ్రాముల బలం చాలు. మొదట్లో చిన్న ప్రతిఘటన, అది దాటగానే వేలు మెత్తగా దిగిపోతుంది, అడుక్కి చేరేసరికి గుండ్రటి, లోతైన చప్పుడు. 'ను' కోసం ఒకే వేలు రెండు మీటల మీద దూకాల్సినప్పుడు ఈ మెత్తదనం విలువ తెలుస్తుంది. మీట తనంతట తాను వేలిని పైకి తోస్తుంది, తరవాతి మీటకు వెళ్ళడానికి వేలు ప్రత్యేకంగా శ్రమపడక్కర్లేదు. వరస వరసకూ మీటల వాలు వేరుగా చెక్కారు. పక్క నుంచి చూస్తే వరసలన్నీ కలిసి ఒక లోతైన వంపులా కనిపిస్తాయి. పై వరసకు చెయ్యి చాచినప్పుడు మీట ముఖం వేలి వైపు తిరిగే ఉంటుంది. గుడిదీర్ఘానికీ, 'గ'కూ వేలు పైకి వెళ్ళే దారి ఈ వంపు వల్ల పొట్టిదవుతుంది.

టోపీలు పీబీటీ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. చౌక కీబోర్డుల్లో వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ కొంతకాలానికి వేళ్ళు ఆడేచోట నున్నబడి మెరుస్తుంది. ఎండాకాలంలో మా డెల్టా ఉక్కకు చేతులు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి, దాంతో ఆ మెరుపు ఇంకా తొందరగా వస్తుంది. పీబీటీకి సన్నటి గరుకు ఉంటుంది, అది తొందరగా పోదు. వేలు జారదు. అక్షరాలను రంగు పూసి అచ్చువేయలేదు, వేడితో రంగును ప్లాస్టిక్‌లోకి ఇంకించారు. అందుకని చెరిగిపోవు. హైదరాబాద్ దారి, భద్రాచలం వైపు వెళ్ళే దారి కలిసే ఊరు మాది. లారీల దుమ్ము తలుపులు మూసినా లోపలికి వస్తుంది. నెలకోసారి టోపీలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో వేసి, ఆరబెట్టి మళ్ళీ పెడతాను. 60 మాత్రమే కాబట్టి కాఫీ తాగేలోగా పెట్టేయవచ్చు. ఊడదీసినప్పుడు లోపలి గూళ్ళను దగ్గరగా చూడండి. వాటిని పట్టుకోవడానికి వేరే లోహపు పలక లేదు, పైపెట్టెలోనే కలిపి పోత పోశారు. బరువు అంత తక్కువ ఉండటానికి అది కూడా కారణం.

మీటల మీద ఏ అక్షరమూ లేని రకం కూడా అమ్ముతారు. ప్రోగ్రామర్లు దాన్ని పంతానికి కొంటారని విన్నాను. నాకు దాంట్లో వేరే అందం కనిపిస్తుంది. మామూలు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చయి ఉంటాయి, తెలుగు మాత్రం మనసులో ఉంచుకోవాలి. ఖాళీ మీటల మీద రెండు భాషలూ సమానం. చూపుడువేళ్ళ కింద రెండు మీటలకు చిన్న గీతలు పొడుచుకుని ఉంటాయి, ఎడమవేలు గుడి మీద, కుడివేలు 'ర' మీద ఉన్నట్టు అవి చెబుతాయి. అక్కడి నుంచి మిగతా అన్నీ లెక్క.

లోటుపాట్లు ఉన్నాయి, పైగా నా పనిలోనే ఎక్కువ తగులుతాయి. ఒకసారి విజయవాడలో ప్రూఫులు దిద్దే చోటికి దీన్ని సంచీలో వేసుకుని వెళ్ళాను. అక్కడి డీటీపీ కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "బాణాలేవండీ మాస్టారూ? వీటితో దిద్దుబాట్లు ఎట్టా చేస్తున్నారు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. కుడి షిఫ్ట్ పక్కన ఎఫ్‌ఎన్ మీట ఉంది. దాన్ని చిటికెనవేలితో పట్టుకుని, రిటర్న్ చుట్టుపక్కల నాలుగు మీటలను నాలుగు దిక్కులుగా వాడాలి. గుర్తులు మీటల ముందు వైపు, మనకు ఎదురుగా ఉండే అంచు మీద చిన్నగా అచ్చువేశారు. "చెయ్యి అక్కడే ఉంటుంది బాబూ, చూడు" అని చేసి చూపించాను. అతను ఒప్పుకున్నట్టే తలూపి, తన పెద్ద కీబోర్డు దగ్గరకు వెళ్ళిపోయాడు. అతని దృష్టిలో అతనిదే సబబు. పేజీమేకర్‌లో పెట్టెలను పిసరంత పిసరంత జరపాలంటే ఖాళీగా దొరికే బాణం మీటలు కావాలి. లెక్కల పుస్తకాలు నింపేవాళ్ళకు అంకెల గుంపు లేకపోతే పని సాగదు. ఒక పేరా ఆసాంతం రాసుకుంటూ పోయేవాళ్ళకు, పదాల మీదుగా దూకుతూ దిద్దేవాళ్ళకు ఇది సరిపడుతుంది. మాటకు మాట ముందుకు వెనక్కు దూకే సత్వరమార్గాలు నేర్చుకుంటే బాణాల అవసరం బాగా తగ్గుతుంది. ముందు అవి నేర్చుకోవాలి మరి.

స్పేస్‌బారుకు రెండువైపులా వజ్రం గుర్తున్న మీటలు ఉన్నాయి. మాక్‌కు పెట్టుకుంటే అవి కమాండ్, విండోస్‌కు పెట్టుకుంటే విండోస్ మీటలు అవుతాయి. బొటనవేలితో వజ్రం పట్టుకుని పక్కనే ఉన్న స్పేస్ కొడితే తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారిపోతాను. రెండు భాషల్లో పనిచేసేవాడికి ఈ రెండూ పక్కపక్కన ఉండటం పెద్ద సుఖం. హైబ్రిడ్‌కు లోపల చార్జి చేసే బ్యాటరీ పెట్టలేదు. ఏ కిరాణా కొట్లోనైనా దొరికే పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే చాలు. లోపలి బ్యాటరీ పాడైతే వస్తువంతా పాడైనట్టే కదా. ఏళ్ళ తరబడి ఉండాల్సిన వస్తువు అన్న తలంపు ఉన్నవాళ్ళే అలా చేస్తారు. నాలుగు యంత్రాలకు జత కట్టించి, ఒక్క మీటల జోడింపుతో ఒకదాని నుంచి ఇంకోదానికి మారవచ్చు. నా కంప్యూటరుకూ, ట్యాబ్లెట్‌కూ అలాగే వాడతాను. 2006లో ఇదే కీబోర్డును జపాన్‌లోని వాజిమా ఊరి పనివాళ్ళతో మీటలకు లక్కపూత వేయించి 5 లక్షల యెన్ల పైచిలుకు వెలకు అమ్మారు. అది మన ఏటికొప్పాక లక్క లాంటిది కాదు, అక్కడ వాడేది చెట్టు పాలు. అంత ఖరీదుకు నేను ఎన్నడూ పోను గానీ, 60 మీటల్లో ఒక్కోదాన్ని చేత్తో పూసి ఆరబెట్టడానికి తగిన వస్తువుగా దాన్ని వాళ్ళు చూశారన్నది నాకు నచ్చింది.

2023లో వచ్చిన స్టూడియో మోడల్‌లో కర్సరు జరిపే చిన్న పుల్లను, అంచుల మీద వేలితో రాస్తే పనిచేసే పట్టీలను, మెకానికల్ స్విచ్చులను పెట్టారు. దానికీ మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. నాకు పాత అమరికే చాలు. అయితే ఆ పాత అమరికలో తెలుగుకు తగిలే రాయి ఒకటి ఉంది, దాన్ని నేను దాటిన తీరు చెప్పి ముగిస్తాను.

ఇన్‌స్క్రిప్ట్‌ను ముందుగా ఊహించుకున్నది దేవనాగరి కోసం. హిందీకి ఎత్వం, ఒత్వం హ్రస్వాలు అక్కర్లేదు, మనకు అవి లేకపోతే మాట పెగలదు. అందుకని తరవాత దొరికిన చోట వాటిని కూర్చోబెట్టారు. ఎత్వం కింది వరస ఎడమ కొసకు వెళ్ళింది, బాగానే ఉంది. ఒత్వం మాత్రం టిల్డా గుర్తుండే మీట మీదికి పోయింది. మామూలు కీబోర్డులో అది అంకె ఒకటికి ఎడమన ఉంటుంది. దూరమే అయినా అచ్చుల చెయ్యి వైపే. వాదా గారి అమరికలో ఆ చోటు ఎస్కేప్‌ది. టిల్డా మీట కుడి పైమూలకు, డిలీట్ పైకి వెళ్ళిపోయింది. ఇంగ్లీషు రాసేవాళ్ళకు రోజుకు ఒకసారి కూడా అక్కర్లేని మీట అది. తెలుగులో 'ఒక', 'కొత్త', 'పొలం', 'తొలి', 'చొక్కా' అన్నీ ఆ మూలకే పరుగెత్తాలి. దూరం కన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. క, ప, త, చ కుడిచేతివి. ఒత్వం కూడా కుడిచేతికి పోతే, కుడి హల్లు, ఎడమ గుర్తు అన్న నడకే తెగిపోతుంది. 60 మీటల్లో జరిపిన ఒక్క మీట ఇన్‌స్క్రిప్ట్ మూలసూత్రాన్ని తాకింది.

హైబ్రిడ్‌కు మీటల పనులు మార్చుకునే ప్రోగ్రామును పీఎఫ్‌యూ వాళ్ళు ఇస్తారు. తీగతో కంప్యూటరుకు తగిలించి ఒకసారి మారిస్తే, ఆ మార్పు కీబోర్డు లోపలే నిలిచిపోతుంది. ఏ యంత్రానికి తీసుకెళ్ళి తగిలించినా అలాగే పనిచేస్తుంది. 1992లో వాదా గారు కోరుకున్నదీ అదే. ఎస్కేప్‌ను, టిల్డాను ఒకదాని చోట ఇంకోదాన్ని పెట్టాను. ప్రోగ్రామర్లకు ఎస్కేప్ ఎడమనే కావాలి, నాకు పూటకు రెండుమూడు సార్లు దాటి అవసరం రాదు. ఇప్పుడు పక్క ఊరి పేరు 'కొండపల్లి' కొట్టాలంటే క కుడిచేతిది, ఒత్వం ఎడమది, సున్న ఎడమది, డ, ప, ల కుడివి, పొల్లు ఎడమది, మళ్ళీ ల కుడిది, గుడి ఎడమది. తొమ్మిది దెబ్బలు, ఏ హల్లూ ఎడమకు రాలేదు, ఏ గుర్తూ కుడికి పోలేదు.